చేపల బోటుకి లిథియం బ్యాటరీ: కొనేముందు మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

డాలస్‌కి ఉత్తరాన లూయిస్‌విల్, రే రాబర్ట్స్ లేకుల మీద, ఓపికుంటే తూర్పున లేక్ ఫోర్క్ దాకా వెళ్ళి బాస్ చేపలు పట్టే తెలుగువాళ్ళు చాలామంది నాకు తెలుసు. వాళ్ళు నన్ను ఎర గురించి అడిగేది తక్కువ, బ్యాటరీ గురించి అడిగేది ఎక్కువ. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

వెనక పెట్రోల్ ఇంజన్ ఉంది కదా, ట్రోలింగ్ మోటర్ ఎందుకు? దానికి వేరే బ్యాటరీ ఎందుకు?

పెట్రోల్ ఇంజన్ మిమ్మల్ని చేపలున్న చోటికి తీసుకెళ్తుంది. అక్కడికి చేరాక దాన్ని ఆపేసి, బోటు ముందు కొసన, మన కోస్తా పల్లెల్లో అణియం అంటారే, అక్కడ బిగించిన చిన్న కరెంటు మోటర్‌తో చప్పుడు లేకుండా ఒడ్డు వెంట కదులుతారు. ఇప్పుడొచ్చే మోటర్లలో చాలావాటిలో జీపీఎస్ ఉంటుంది. బటన్ నొక్కితే లంగరు వేయకుండానే గాలికి ఎదురు తిరిగి బోటుని ఒకేచోట పట్టి ఉంచుతాయి. మిన్ కోటా అన్న పేరు మీరు వినే ఉంటారు. 1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో మొదలైన కంపెనీ అది. మిన్నెసోటా, డకోటా పేర్లు కలిపి ఆ పేరు పెట్టుకుంది.

బోటులో బ్యాటరీకి మూడు పనులుంటాయి. ఇంజన్‌ని స్టార్ట్ చేయడం ఒకటి. ట్రోలింగ్ మోటర్‌ని రోజంతా తిప్పడం ఒకటి. శబ్దతరంగాలతో నీటి కింద ఏముందో తెర మీద చూపించే ఫిష్ ఫైండర్లు, సోనార్ లాంటి ఎలక్ట్రానిక్స్‌కి నిలకడైన కరెంటు ఇవ్వడం మూడోది. ఈ మూడింటినీ వేరు చేయండి. ఒకటి చచ్చినా మిగతా రెండూ బతికుండాలి. కింద నేను చెప్పేవన్నీ దాదాపు ఈ మాట చుట్టూనే తిరుగుతాయి.

లిథియం అంటే ఫోన్‌లో ఉండేదేనా? నీళ్ళ మీద అది మండిపోతే?

ఫోన్‌లో ఉండే రకం వేరు. బోట్లకి అమ్మేవి దాదాపు అన్నీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, పొట్టిగా ఎల్‌ఎఫ్‌పి. ఇందులో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది కాబట్టి వేడెక్కినా అంత తేలిగ్గా విడివడి మంటకి ఆజ్యం పోయదు. అసలు మండదని కాదు. మిగతా లిథియం రకాలతో పోలిస్తే చాలా నిదానమైనది. బరువుకి తగ్గ శక్తి కొంచెం తక్కువే గానీ బోటులో ఆ తేడా లెక్కలోకి రాదు.

టెక్సస్‌లో ఉన్నాం కాబట్టి ఒక మాట. ఈ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని 1990ల చివర్లో చూపించింది ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం. 1997 నాటి ఆ పరిశోధనా పత్రంలో ఆయనతో పాటు అక్షయ పాఢి, నంజుండస్వామి పేర్లున్నాయి. గుడ్‌ఇనఫ్‌కి 2019లో, 97 ఏళ్ళ వయసులో, నోబెల్ వచ్చింది. నా బోటులో ఉన్న పెట్టె మూడున్నర గంటల దూరంలో పుట్టిందన్న సంగతి నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఎలక్ట్రిక్ సైకిల్ నుంచో పాత కారు నుంచో ఊడదీసిన సెల్స్‌తో ఇంట్లో కట్టిన ప్యాకులు మాత్రం బోటులోకి ఎక్కించకండి. చవకగా వచ్చినా సరే.

లెడ్ యాసిడ్ బ్యాటరీతో ఇన్నాళ్ళూ నడిచింది కదా. అంత డబ్బు పెట్టడం అవసరమా?

ఏడాదికి నాలుగైదు సార్లు, అదీ రెండు మూడు గంటలు వెళ్ళేవాళ్ళకి అవసరం లేదు. ఉన్న ఏజీఎం (నీళ్ళు పోయనక్కర్లేని, సీలు వేసిన లెడ్ రకం) బ్యాటరీని బాగా చూసుకోండి.

నెలకి రెండు మూడు సార్లు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెళ్ళేవాళ్ళకి తేడా బాగా తెలుస్తుంది. మొదట బరువు. (ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీ కెపాసిటీకి కొలత.) 100 ఏహెచ్ ఏజీఎం బ్యాటరీ 65, 70 పౌండ్లు తూగుతుంది. అదే 100 ఏహెచ్ లిథియం 25, 30 పౌండ్లలో వస్తుంది. 36 వోల్టుల మోటర్‌కి 12 వోల్టులవి మూడు బ్యాటరీలు కావాలి కాబట్టి ఒక మనిషి బరువుకి దగ్గరగా తగ్గుతుంది. బోటు వేగం అందుకునేటప్పుడు నీటి మీదికి తేలిగ్గా లేస్తుంది.

రెండోది వాడుకోగలిగే కెపాసిటీ. ఇంటి దగ్గర ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబ్యులర్ బ్యాటరీ గుర్తుందా? రోజూ పూర్తిగా ఖాళీ చేస్తే త్వరగా పోతుందని మెకానిక్ చెప్పేవాడు. ఇదీ అంతే. లెడ్ బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే సగం దాకానే వాడాలి. పైగా దాని మీద రాసిన 100 ఏహెచ్ అన్నది 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. ట్రోలింగ్ మోటర్ లాగినంత వేగంగా లాగితే ఆ మాత్రం కూడా రాదు. లిథియంలో రాసిన 100లో 80, 90 నిశ్చింతగా వాడుకోవచ్చు.

మూడోది సాయంత్రం పూట తెలుస్తుంది. లెడ్ బ్యాటరీ వోల్టేజ్ పొద్దుటి నుంచే జారుతూ ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి మోటర్ నీరసపడుతుంది. లిథియం వోల్టేజ్ చివరిదాకా దాదాపు సమంగా ఉంటుంది. గాలి పెరిగేది కూడా ఆ వేళకే.

12, 24, 36 వోల్టుల్లో ఏది తీసుకోవాలి?

బ్యాటరీ చూసి మోటర్ కొనకండి. బోటు చూసి మోటర్, మోటర్ చూసి బ్యాటరీ. మనుషులు, పెట్రోల్, సామాను అన్నీ కలిపి బోటు బరువు ప్రతి 100 పౌండ్లకీ కనీసం 2 పౌండ్ల థ్రస్ట్ (మోటర్ బోటుని నెట్టే బలం) ఉండాలన్నది అందరూ వాడే లెక్క. 2,000 పౌండ్ల బోటుకి 40 పౌండ్లు. కానీ ఉత్తర టెక్సస్‌లో వసంతకాలపు దక్షిణ గాలి ఎలా ఉంటుందో చూసినవాళ్ళెవరూ ఆ కనీసంతో ఆగరు. మామూలుగా 12 వోల్టుల మోటర్లు 55 పౌండ్ల దాకా, 24 వోల్టులవి 70, 80 దాకా, 36 వోల్టులవి 112 దాకా ఇస్తాయి. 16, 18 అడుగుల అల్యూమినియం బోటుకి 24 వోల్టులు సరిపోతుంది. 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ బాస్ బోటుకి 36 తీసుకోండి.

ఎన్ని ఏహెచ్ కావాలి? దుకాణంలో ఒకరు 60 చాలంటారు, ఇంకొకరు 150 అంటారు.

ఇద్దరూ మీ రోజు ఎలా గడుస్తుందో అడగకుండా చెప్తున్నారు. ఈ లెక్క మీరే వేసుకోండి.

మోటర్ పుస్తకంలో గరిష్ఠ కరెంటు ఎంతో రాసి ఉంటుంది. మిన్ కోటాలో 55 పౌండ్ల 12 వోల్టుల మోటర్ పూర్తి వేగంలో 50 ఆంపియర్లు లాగుతుంది. 80 పౌండ్ల 24 వోల్టులది 56, 112 పౌండ్ల 36 వోల్టులది 52. అంటే 100 ఏహెచ్ బ్యాటరీ మీద ఈ మూడింటిలో ఏ మోటరైనా పూర్తి వేగంలో రెండు గంటలకి అటూ ఇటూ మాత్రమే నడుస్తుంది. చాలామంది ఇక్కడే భయపడి పెద్ద బ్యాటరీ కొంటారు.

కానీ రోజంతా పూర్తి వేగంలో ఎవరూ తిప్పరు. నీటిలో వేగం కొంచెం పెరిగితే దానికి కావలసిన శక్తి చాలా ఎక్కువగా పెరుగుతుంది. దాన్నే తిప్పి చూస్తే, వేగం కాస్త తగ్గిస్తే లాగే కరెంటు సగానికంటే కిందికి పడిపోతుంది. ఒడ్డు వెంట మెల్లగా పోయేటప్పుడు 10, 15 ఆంపియర్లు మామూలు. మధ్యలో ఆగి చేప తీస్తాం, ఎర మారుస్తాం, తింటాం. అప్పుడు సున్నా.

అసలు తినేది గాలి. జీపీఎస్ లంగరు మీద గాలిలో నిలబడితే మీకు బోటు కదలనట్టే ఉంటుంది గానీ కింద మోటర్ ఆగకుండా పెనుగులాడుతూ ఉంటుంది. కరెంటు ఎంత పోయిందో లెక్కపెట్టే షంట్ మీటర్ పెట్టి చూసుకున్నాను. గాలి లేని రోజుకీ గాలి రోజుకీ నా బోటులో ఖర్చు దాదాపు రెట్టింపు. అందుకే మీ లెక్క గాలి రోజుకి వేసి, దాని మీద మరో 20 శాతం కలపండి. ఆ 20 శాతం చేపల కోసం వాడకండి, ఒడ్డుకి తిరిగి రావడానికి ఉంచండి.

ఒక ఉదాహరణ. 24 వోల్టుల మోటర్, ఎనిమిది గంటల రోజు, అందులో మోటర్ నిజంగా తిరిగేది ఐదు గంటలు, సగటున 15 ఆంపియర్లు. మొత్తం 75 ఏహెచ్. 20 శాతం కలిపితే 90. కాబట్టి 100 ఏహెచ్ తీసుకోండి. నాలుగు గంటల్లో ఇంటికొచ్చేసేవాళ్ళకి 60 చాలు.

24 వోల్టులకి ఒకే బ్యాటరీ మంచిదా, 12 వోల్టులవి రెండు కలపాలా?

స్థలం కుదిరితే ఒకే 24 వోల్టుల బ్యాటరీ తీసుకోండి. ఎందుకో నా అనుభవం చెప్తాను.

నేను మొదట 12 వోల్టుల లిథియం ఒకటి కొన్నాను. ఏడాది తర్వాత 24 వోల్టుల మోటర్‌కి మారి, అదే కంపెనీది, అదే సైజుది ఇంకొకటి తెచ్చి సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ని ఇంకోదాని మైనస్‌కి, కలిపాను. రెండింటినీ విడివిడిగా నిండా ఛార్జ్ చేసి సమం చేయకుండానే కలిపేశాను. కొన్ని నెలలు బాగానే నడిచింది. మార్చిలో ఒక రోజు రే రాబర్ట్స్ మీద, ఒడ్డుకి మైలు దూరంలో, మంచి గాలిలో మోటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ముందు మెల్లబడడం లాంటిదేమీ లేదు. మోటర్ మీది లైట్లు ఇంకా నిండుగా ఉన్నట్టే చూపించాయి. అవి లెడ్ బ్యాటరీ వోల్టేజ్‌కి తగ్గట్టు పెట్టినవి కాబట్టి లిథియం ఎంత మిగిలిందో వాటికి తెలియదు. జరిగిందేమిటంటే పాత బ్యాటరీ ముందే ఖాళీ అయింది, లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసేసింది. సిరీస్‌లో ఒకటి మూసుకుంటే రెండూ పోయినట్టే. కొత్తదాంట్లో ఇంకా చాలా మిగిలే ఉంది.

ఆ రోజు నా పక్కన మా తమ్ముడి కొడుకు ఉన్నాడు, వాడికి పదేళ్ళు. బోటు రాళ్ళ కట్ట వైపు కొట్టుకుపోతోంది. ఇంజన్‌కి విడిగా ఏజీఎం బ్యాటరీ ఉంది కాబట్టి తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. బరువు తగ్గుతుందని అంతకు ముందు నెలే దాన్ని తీసేసి అన్నీ ఒకే లిథియం మీద పెడదామనుకున్నాను. పెట్టలేదు.

రెండు 12 వోల్టులే వాడవలసి వస్తే ఒకే రోజు, ఒకే మోడల్ రెండూ కొనండి. కలిపే ముందు ఒక్కొక్కదాన్నీ నిండా ఛార్జ్ చేయండి. సిరీస్‌లో కలపడానికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో పుస్తకంలో చూడండి. ఛార్జర్ కూడా ఒక్కో బ్యాటరీకి ఒక్కో లైను ఉన్నదై ఉండాలి. ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి వోల్టేజ్‌ని నమ్మకండి. లోపలికి బయటికి పోయే ఆంపియర్లని లెక్కపెట్టే షంట్ మీటరో, బ్లూటూత్ ఉన్న బ్యాటరీయో తీసుకోండి.

బీఎంఎస్ అంటే ఏమిటి? అందులో ఏం చూడాలి?

బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పైన చెప్పిన రక్షణ సర్క్యూటే. బ్యాటరీ మరీ నిండినా, మరీ ఖాళీ అయినా, ఎక్కువ కరెంటు లాగినా, చలిలో ఛార్జ్ చేసినా అది కనెక్షన్ తెంచేస్తుంది. మీరు చూడవలసింది ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది. 56 ఆంపియర్లు లాగే మోటర్‌కి 50 ఆంపియర్ల బీఎంఎస్ పనికిరాదు. 100 ఉన్నది తీసుకోండి. కొన్ని సెకన్ల గరిష్ఠం అంటూ పెద్ద అంకె వేస్తారు, దాన్ని పట్టించుకోకండి.

బీఎంఎస్ తెంచేశాక మల్టీమీటర్ పెడితే సున్నా చూపిస్తుంది. బ్యాటరీ పాడైపోయిందని పారేయకండి. ఎక్కువ కరెంటు వల్లనైతే వైర్లు తీసి కాసేపు ఆగితే చాలావాటిలో తిరిగొస్తుంది. ఖాళీ అయి ఆగితే లిథియం మోడ్ ఉన్న ఛార్జర్ పెట్టి లేపాలి.

ఇంకో మాట. మిన్ కోటా సొంత సూచన ఇది: లిథియం మీద 85 శాతం కంటే ఎక్కువ వేగంలో చాలాసేపు నడిపితే మోటర్ పాడవచ్చు. లెడ్‌లో వోల్టేజ్ దానంతట అదే జారి మోటర్‌కి ఊపిరి దొరికేది, లిథియంలో ఆ విరామం ఉండదు.

ఫిష్ ఫైండర్లకి వేరే బ్యాటరీ నిజంగా కావాలా?

7, 9 అంగుళాల స్క్రీన్ ఒక్కటే ఉంటే అక్కర్లేదు, మూడూ వేరుగా ఉండాలన్న మాటకి ఇదొక్కటే మినహాయింపు. అది గంటకి ఒకటి, ఒకటిన్నర ఏహెచ్ మాత్రమే తింటుంది. ఇంజన్ బ్యాటరీ మోస్తుంది.

12 అంగుళాల స్క్రీన్లు రెండు, ముందుకి చూసే లైవ్ సోనార్ ఒకటి ఉంటే మాత్రం కావాలి. స్క్రీన్ ఒక్కోటీ 2 నుంచి 4 ఆంపియర్లు, సోనార్ డబ్బా 2 నుంచి 5. గంటకి 8, 10 ఏహెచ్ అనుకోండి, పది గంటలకి 80 నుంచి 100 ఏహెచ్. ఇంత భారం ఇంజన్ బ్యాటరీ మీద వేస్తే సాయంత్రానికి ఇంజన్ స్టార్ట్ కాదు. ట్రోలింగ్ మోటర్ బ్యాటరీకి తగిలిస్తే మోటర్ తిరిగినప్పుడల్లా తెర మీద గీతలు, చుక్కలు పడతాయి. 24 వోల్టుల జతలో ఒకదాని నుంచి 12 వోల్టులు లాగడం ఇంకా చెడ్డది. ఆ ఒక్కటే ముందు ఖాళీ అవుతుంది, నాకు జరిగినదే మీకూ జరుగుతుంది.

16 వోల్టుల లిథియం గురించి కూడా అడుగుతున్నారు. పొడుగాటి వైర్లలో వోల్టేజ్ పడిపోయినా ఫిష్ ఫైండర్ యూనిట్ ఆగిపోదు, అది దాని మేలు. కానీ నిండా ఛార్జ్ అయినప్పుడు అది 18 వోల్టులు దాటుతుంది. కొన్ని యూనిట్లు 20 దాకా, కొన్ని 32 దాకా తట్టుకుంటాయి, కొన్ని 18 దగ్గరే ఆగిపోతాయి. మీ యూనిట్ పుస్తకంలో ఆ అంకె చూడకుండా కొనకండి. నా సలహా అడిగితే మామూలు 12 వోల్టుల లిథియం పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి రాగి వైరు లాగండి. మసకగా కనిపిస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో సగం సన్నటి వైర్ల వల్లే.

ఇంజన్ స్టార్ట్ చేయడానికి కూడా లిథియం పెట్టొచ్చా?

దాని కోసమే చేసిన లిథియం బ్యాటరీలున్నాయి, ఇంజన్ కంపెనీ ఒప్పుకుంటే పెట్టొచ్చు. ట్రోలింగ్ మోటర్‌కి కొన్నదాన్ని మాత్రం పెట్టకండి. స్టార్టర్ ఒక్క క్షణం వందల ఆంపియర్లు లాగుతుంది, బీఎంఎస్ తెంచేస్తుంది. ఇంజన్ తిరుగుతుండగా బీఎంఎస్ తెంచితే ఇంకా ప్రమాదం. ఇంజన్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కరెంటుకి పోయే దారి లేక వోల్టేజ్ ఎగిసి ఖరీదైన స్క్రీన్లు కాలిపోవచ్చు. నేను ఇప్పటికీ ఏజీఎం మీదే ఉన్నాను.

పాత ఛార్జర్ వాడుకోవచ్చా?

లిథియం మోడ్ ఉంటే వాడండి, లేకపోతే మార్చండి. 12 వోల్టుల ఎల్‌ఎఫ్‌పికి 14.4 నుంచి 14.6 వోల్టులు కావాలి. కొన్ని లెడ్ ఛార్జర్లలో పలకల మీద పేరుకున్న సల్ఫేట్ కరిగించడానికి 15 వోల్టులు దాటించే దశ ఉంటుంది, దీనికి అది చేటు. 10 ఆంపియర్ల ఛార్జర్ 100 ఏహెచ్‌ని రాత్రంతా తీసుకుని నింపుతుంది. అంతకంటే తొందర ఎవరికీ అవసరం లేదు.

చలికాలం సంగతి?

వాడుకోవడానికి చలి పెద్ద అడ్డు కాదు. ఛార్జ్ చేయడానికే అడ్డు. 0 డిగ్రీల సెల్సియస్ కంటే కింద ఛార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా లోహంలా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి రాదు. మంచి బీఎంఎస్ ఛార్జింగ్‌ని ఆపేస్తుంది, కొనేముందు ఆ రక్షణ ఉందని రాసి ఉందో లేదో చూడండి. డాలస్‌లో బోటు గరాజ్‌లో ఉంటే హీటర్ ఉన్న బ్యాటరీకి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. మిషిగన్, మిన్నెసోటాల్లో ఉన్నవాళ్ళు పెట్టాలి. వాడని నెలల్లో సగం ఛార్జ్‌లో ఉంచి, వైర్లు ఊడదీసి పెట్టండి. టెక్సస్ ఎండలో నెలల తరబడి నిండా ఛార్జ్‌తో వదిలేయడం చలి కంటే ఎక్కువ ఆయువు తింటుంది.

ఫ్యూజ్, వైర్లు నేనే వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, జాగ్రత్తగా. షార్ట్ అయితే లిథియం ఒక్క క్షణంలో ఇచ్చే కరెంటు చాలా ఎక్కువ, పాన జారి రెండు టెర్మినల్స్ మీద పడితే అతుక్కుపోతుంది. ఉంగరం, గడియారం తీసేసి పని చేయండి. ట్రోలింగ్ మోటర్‌కి 60 ఆంపియర్ల బ్రేకర్, బ్యాటరీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర. వైరు మామూలుగా 6 గేజ్, దూరం ఎక్కువైతే ఇంకా లావు. చేత్తో తిప్పే రెక్కల నట్లు వాడకండి, అలల కుదుపుకి వదులై వేడెక్కుతాయి. నైలాక్ (లోపల నైలాన్ ఉండి వదులు కాని) నట్లు వేసి పానతో బిగించి, నెలకోసారి చేయి పెట్టి చూడండి. గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్ళలో తిరిగేవాళ్ళు వారానికోసారి.

ఆన్‌లైన్‌లో చవకవి వస్తున్నాయి. కొనొచ్చా?

కొన్ని బాగానే ఉంటాయి. సెల్స్ కంటే నన్ను ఆపేది వారంటీ. పదేళ్ళని రాసి ఉంటుంది, 30 పౌండ్ల పెట్టెని ఎక్కడికి పంపాలో, తపాలా ఖర్చు ఎవరిదో రాసి ఉండదు. అమెరికాలో ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడా అన్నది కొనకముందే ఫోన్ చేసి చూడండి. బోటు కుదుపుకి, నీటి తుంపరకి తట్టుకునేలా చేసిందేనా అన్నది కూడా అడగండి. ఇంటి సోలార్ కోసం అల్మారాలో కదలకుండా కూర్చోవడానికి చేసినవాటిని బోటుకని అమ్మేవాళ్ళున్నారు.

నాది కయాక్. ఇదంతా నాకు వర్తిస్తుందా?

12 వోల్టులు, 50 నుంచి 100 ఏహెచ్ మధ్య ఒకటి, ఫిష్ ఫైండర్‌కి 10, 20 ఏహెచ్‌ది చిన్నది ఒకటి. అంతే. కానీ టెక్సస్‌లో కయాక్‌కి ట్రోలింగ్ మోటర్ తగిలించిన రోజు నుంచి అది మోటర్ బోటే, రిజిస్ట్రేషన్ చేయించాలి. తెడ్డు మాత్రం ఇంట్లో వదలకండి.

ఇండియా వెళ్ళేటప్పుడు నాన్నగారి పడవకి ఒకటి తీసుకెళ్ళొచ్చా?

విమానంలో కుదరదు. ప్రయాణికులు తీసుకెళ్ళగలిగే లిథియం బ్యాటరీకి పరిమితి 160 వాట్-అవర్లు, 100 దాటితే విమాన సంస్థ అనుమతి కూడా కావాలి. మనం 12 వోల్టులనే 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ అసలు వోల్టేజ్ 12.8, దాన్ని 100తో గుణిస్తే 1,280. చేతి సంచిలోనూ కాదు, చెక్-ఇన్‌లోనూ కాదు. ఎల్‌ఎఫ్‌పి బ్యాటరీలు ఇప్పుడు మన దగ్గర సోలార్‌కి, ఈ-రిక్షాలకి అమ్ముతున్నారు. మోటర్ పుస్తకంలోని గరిష్ఠ ఆంపియర్లు, బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లది ఉండాలో ఒక కాగితం మీద రాసి నాన్నగారికి పంపండి, అక్కడే కొనుక్కుంటారు.